రోమ్‌లో భోజనం గోపురాల నీడన కాదు, కబేళా గోడ పక్కన

మా అక్క కూతురు వచ్చే నెల రోమ్ వెళ్తోంది. పెళ్ళయ్యాక భార్యాభర్తలిద్దరూ కలిసి చేస్తున్న మొదటి పెద్ద ప్రయాణం, నాలుగు రోజులు. పోయిన ఆదివారం నాకు ఫోన్‌లో ఒక మ్యాప్ పంపింది. అందులో 27 గుర్తులు పెట్టుకుంది. అన్నీ రెస్టారెంట్లే, అన్నీ ఎవరివో వీడియోలు చూసి పెట్టుకున్నవే. "పిన్నీ, నువ్వు అక్కడ ఉండొచ్చావు కదా, వీటిలో ఏవి ఉంచను, ఏవి తీసేయను?" అని అడిగింది.

మ్యాప్ పెద్దది చేసి చూశాను. 27లో 20 దాకా మూడు చోట్లే గుంపు కట్టి ఉన్నాయి: ట్రెవీ ఫౌంటెన్ దగ్గర, పాంథియన్ దగ్గర, నవోనా చౌక్ దగ్గర. అంటే చూడ్డానికి ఎక్కడికి వెళ్తుందో తినడానికీ అక్కడే కూర్చోవాలనుకుంది. చాలామంది అలాగే అనుకుంటారు. మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను. ఫోన్‌లో నాలుగు పేర్లు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, అది నాలుగు పేర్లతో తేలేది కాదు.

రోమ్‌లో మనం వెళ్ళి చూసే కట్టడాలు చక్రవర్తులు కట్టించినవి, పోపులు కట్టించినవి, వాళ్ళ చుట్టూ ఉన్న ధనిక కుటుంబాలు కట్టించినవి. రోమ్ వంటలని ఈ రోజు ప్రపంచమంతా చెప్పుకుంటున్నవి వాళ్ళ వంటలు కావు. కొండల నుంచి గొర్రెల్ని తోలుకొచ్చిన కాపరులవి, కబేళాలో పశువుల్ని కోసిన కూలీలవి, మూడు వందల ఏళ్ళు గోడల మధ్య బతకాల్సి వచ్చిన యూదులవి. వాళ్ళెవరికీ పాంథియన్ ఎదురుగా ఇళ్ళు లేవు. కాబట్టి ఆ వంటలు తినాలంటే వాళ్ళు బతికిన పేటలకి నడవాలి. నా వాదన ఇంతే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నదే.

మొదటిసారి నేను రోమ్ వెళ్ళింది అమ్మతో. అమ్మ శాకాహారి, ఎక్కువ దూరం నడవలేదు, కానీ ఆ రోజు పొద్దున్నుంచీ నడిచింది. మధ్యాహ్నం మూడు దాటింది. ఒక పెద్ద కట్టడానికి ఎదురుగా గొడుగుల కింద బల్లలు వేసి ఉన్నాయి. బయట నిలబడ్డ మనిషి నవ్వుతూ పిలిచాడు, చేతిలో ఫొటోలున్న మెనూ, అయిదారు భాషల్లో. ఆకలి రుచెరగదంటారు. ఆకలేసిన మనిషి మెనూ కూడా సరిగ్గా చదవడు. అమ్మకి టొమాటో పాస్తా చెప్పాను, నాకు చేప. పాస్తా చల్లారిపోయి ముద్దలా వచ్చింది. చేప పక్కన రాసిన ధర వంద గ్రాములకని బిల్లు వచ్చాకే తెలిసింది. అమ్మ ఆ బిల్లు తీసుకుని మొత్తం చదివింది, మడిచి పర్సులో పెట్టుకుంది, ఒక్క మాట కూడా అనలేదు.

మిగిలిన మూడు రోజులూ ఎక్కడైనా కూర్చుని తిందామంటే "నాకు ఆకలిగా లేదే" అంటూ వచ్చింది. గదిలో పళ్ళూ బ్రెడ్డూ తిని సరిపెట్టుకుంది. డబ్బు పోయిన బాధ ఎప్పుడో పోయింది. అంత దూరం తీసుకెళ్ళి అమ్మకి ఒక్క పూట తృప్తిగా తిండి పెట్టలేకపోయానన్న బాధ మాత్రం పోలేదు.

రెండోసారి ఆఫీసు పని మీద వెళ్ళాను, ఒక్కదాన్నే, అయిదు వారాలు. ఊరి మధ్యలో గదులు దొరక్క టెస్టాచ్చో అనే పేటలో ఒక అపార్ట్‌మెంట్ ఇచ్చారు. ఆ అయిదు వారాల్లో నాకు తెలిసింది ఒక్కటే: మొదటిసారి మేము రోమ్ తిండి అసలు తినలేదు.

మా అమ్మకి ఆ పాస్తా పెట్టినవాళ్ళు దుర్మార్గులని నేననను. వాళ్ళ లెక్క వేరు. ఆ కట్టడం ముందు నుంచి రోజూ వేలమంది నడుస్తారు. వాళ్ళలో దాదాపు ఎవరూ రెండోసారి ఆ బల్ల దగ్గరికి రారు. వంట బాగుంటే వచ్చే లాభం లేదు, బాగోలేకపోతే వచ్చే నష్టమూ లేదు. అద్దె మాత్రం ఊళ్ళోకెల్లా ఎక్కువ. అలాంటి చోట వంటవాడి కంటే బయట నిలబడి పిలిచే మనిషే వ్యాపారానికి ముఖ్యం. రెండు కిలోమీటర్ల అవతల ఇంకో రెస్టారెంట్ ఉంటుంది. దానికి వచ్చేది ఆ వీధివాళ్ళే. ఈ రోజు పాస్తా ముద్దయితే వచ్చే గురువారం ఆ కుటుంబం రాదు, వాళ్ళ అన్నదమ్ములూ రారు. అక్కడి వంటవాడికి భయముంటుంది. నేను ఆ భయం ఉన్న చోట తినాలనుకుంటాను.

మంచి మాటలు రాసిన రివ్యూలు చూసి వెళ్తే సరిపోదా అని నా స్నేహితులు అడుగుతారు. ఆ రివ్యూలు రాసేదీ మనలాంటివాళ్ళే. జీవితంలో మొదటిసారి కార్బొనారా అనే రోమ్ పాస్తా తిన్న మనిషి దానికి అయిదు నక్షత్రాలిస్తే, ఆ మనిషి సంతోషం నిజమే, కొలత మాత్రం నిజం కాదు. పోల్చడానికి ఇంకోటి లేదు కదా. ఈ మధ్య అద్దాల వెనక ఆడవాళ్ళని కూర్చోబెట్టి వీధిలోకి కనిపించేలా పాస్తా చేయించడం మొదలుపెట్టారు. దాని ముందు క్యూ, ఫోన్లు పైకెత్తిన చేతులు. వంటని కిటికీలో పెట్టాల్సి వచ్చిందంటే అది నోటి కోసం చేసింది కాదని నాకనిపిస్తుంది.

టెస్టాచ్చో గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా వాదనకి ప్రాణం అక్కడే ఉంది. టైబర్ నది ఒడ్డున, ఊరికి దక్షిణం వైపు ఉన్న పేట అది. మధ్యలో ఒక గుట్ట ఉంది, సుమారు 35 మీటర్ల ఎత్తు. గడ్డి మొలిచిన మామూలు మట్టిదిబ్బలా కనిపిస్తుంది కానీ, దగ్గరికెళ్తే అంతా పగిలిన కుండ పెంకులే. రెండు వేల ఏళ్ళ కింద స్పెయిన్ దక్షిణం నుంచీ ఉత్తర ఆఫ్రికా నుంచీ రోమ్‌కి ఆలివ్ నూనె పెద్ద పెద్ద మట్టి జాడీల్లో వచ్చేది. నూనె ఇంకిన జాడీ మళ్ళీ వాడటానికి పనికిరాదు, వాసన పట్టిపోతుంది. పగలగొట్టి ఒక పద్ధతి ప్రకారం పేర్చేవాళ్ళు. అలా కోట్ల జాడీల పెంకులు గుట్టయ్యాయి. పేట పేరు కూడా పెంకు అన్న లాటిన్ మాట నుంచే వచ్చింది. తర్వాతి కాలంలో ఆ గుట్టని తొలిచి ద్రాక్షసారా నిల్వ గదులు కట్టుకున్నారు, లోపల ఎప్పుడూ చల్లగా ఉంటుందని. ఇప్పుడు వాటిలో కొన్ని రెస్టారెంట్లు. ఫ్లావియో అల్ వెలావెవొదెత్తో అనే చోట కూర్చుంటే గోడకి అద్దం బిగించి ఉంటుంది, వెనక ఆ పెంకులు కనిపిస్తాయి. కొలోస్సియమ్ చూసినప్పుడు కలగని ఒక ఒణుకు నాకు ఆ అద్దం ముందు కలిగింది. ఆ జాడీలు మోసినవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా ఉండవు. వాళ్ళ చేతి పని మాత్రం అలాగే ఉంది.

ఆ గుట్ట పక్కనే కబేళా. 1890 ప్రాంతంలో కట్టారు, 1975లో మూసేశారు. ఇప్పుడు ఆ కట్టడాల్లో చిత్రకళా ప్రదర్శనలు జరుగుతాయి, ఒక యూనివర్సిటీ వాస్తుశిల్ప విభాగం నడుస్తోంది. మాంసం వేలాడదీసే ఇనుప కొక్కేలు మాత్రం అలాగే ఉంచారు. పశువుని నాలుగు భాగాలు చేస్తే ఆ నాలుగూ డబ్బున్నవాళ్ళ ఇళ్ళకి పోయేవి. మిగిలింది తల, తోక, పేగులు, కాలేయం, గుండె. దాన్ని అక్కడ "క్వింతో క్వార్తో" అంటారు, అంటే అయిదో పావు. నాలుగు పావులతో లెక్క తీరిపోయాక మిగిలిన పావన్నమాట. కబేళా కూలీలకి జీతంలో కొంత ఇదే ఇచ్చేవాళ్ళు. వాళ్ళు దాన్ని ఇళ్ళకి, పక్కనే ఉన్న ద్రాక్షసారా కొట్లకి తీసుకెళ్ళి వండించుకునేవాళ్ళు.

ఎద్దు తోకని టొమాటో, సెలెరీ కాడలతో గంటల తరబడి ఉడికించి చేసే "కోడా అల్లా వాచినారా" అలా పుట్టింది. వాచినారి అంటే పశువుల్ని కోసి తోలు తీసే పనివాళ్ళు. వంట పేరులోనే ఆ పనివాళ్ళున్నారు. 1887 నుంచి కబేళా ఎదురుగా నడుస్తున్న కెక్కినో అనే రెస్టారెంట్‌లో ఈ కూరకి ఇప్పటి రూపం వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. పాలు తాగే దూడ పేగుతో చేసే "పయాటా" అనే ఇంకో వంటకం ఉంది. పశువుల మెదడు రోగం భయంతో 2001లో దాన్ని నిషేధించారు. 2015లో నిషేధం ఎత్తేశాక పాత రెస్టారెంట్లు దాన్ని మళ్ళీ మెనూలోకి తెచ్చుకున్నాయి. కూలీలు తప్పనిసరై తిన్నదాన్ని వాళ్ళ మనవళ్ళు హక్కుగా భావించారు. ఒక వంట గౌరవం సంపాదించుకోవడమంటే ఇదే అనుకుంటాను.

ఇవన్నీ మన పాఠకుల్లో చాలామంది తినరు. గొడ్డు మాంసం తినని ఇళ్ళు ఎన్నో, మాంసమే ముట్టని ఇళ్ళు ఎన్నో. నేను కూడా పయాటా తినలేదు. అయినా టెస్టాచ్చోకే వెళ్ళమంటాను. అయిదో పావుని అంత శ్రద్ధగా వండే చేతులు ఆకుకూరని కూడా అంతే శ్రద్ధగా వండుతాయి. అక్కడ చికోరియా అనే చేదు ఆకుని ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిరపతో ఆలివ్ నూనెలో మళ్ళీ వేయిస్తారు. నేను వారానికి మూడు సార్లు తినేదాన్ని. టెస్టాచ్చో మార్కెట్ 2012లో కొత్త షెడ్లలోకి మారింది. దాని మధ్యలో తవ్వకాల్లో బయటపడ్డ పాత రోమన్ గోడలు కనిపిస్తాయి, చుట్టూ కూరగాయలమ్మేవాళ్ళు, చెప్పులమ్మేవాళ్ళు, రొట్టెలో కూర పెట్టిచ్చే చిన్న కొట్లు. ఇదే పేటలో 2008లో ట్రాపిజ్జీనో అనే తిండి పుట్టింది. పిజ్జా పిండితో త్రికోణపు సంచీలా కాల్చి, లోపల ఇళ్ళలో వండే కూరలు పెడతారు. వంకాయ, టొమాటో, చీజ్ కలిపిన కూర పెట్టింది శాకాహారులకి కూడా దొరుకుతుంది. పాత వంటల్ని కాపాడటమంటే మ్యూజియంలో పెట్టడం కాదని ఆ కొట్టు చూస్తే అర్థమవుతుంది.

ఇంక యూదుల పేట. ఇది ఊరి మధ్యలోనే ఉంది, నది పక్కన. యూదులు రోమ్‌లో రెండు వేల ఏళ్ళకి పైగా ఉన్నారు, చాలా చర్చిల కంటే ముందు నుంచి. 1555లో నాలుగో పాల్ అనే పోపు వాళ్ళందర్నీ నది ఒడ్డున వరదలొచ్చే పల్లపు నేలలోకి నెట్టి చుట్టూ గోడ కట్టించాడు. రాత్రి తలుపులు మూసేసేవాళ్ళు. పాత బట్టల వ్యాపారం లాంటివి తప్ప చేయనిచ్చేవాళ్ళు కాదు. పోపుల పాలన 1870లో పోయాకే అది పూర్తిగా ముగిసింది. ఆ ఇరుకులో దొరికినవి చవక కూరగాయలు, చిన్న చేపలు, నూనె. వాటితోనే వాళ్ళు ఒక వంట కట్టుకున్నారు.

"కార్చోఫీ అల్లా జుదీయా" అంటే యూదుల పద్ధతిలో ఆర్టిచోక్. ఆర్టిచోక్ అంటే ముళ్ళ జాతి మొక్క పువ్వు మొగ్గ, మొదటిసారి చూసినవాళ్ళకి ఏం తినాలో కూడా తెలియదు. బయటి గట్టి రేకులు చెక్కేసి, మొత్తం మొగ్గని ఆలివ్ నూనెలో రెండు సార్లు వేయిస్తారు. రెండోసారి నూనెలో పడగానే అది చామంతి పువ్వులా విచ్చుకుంటుంది. బయటి రేకులు కరకరలాడతాయి, లోపల గుండె మెత్తగా వెన్నలా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోమ్ చుట్టుపక్కల పొలాల్లో పండే పెద్ద ఆర్టిచోక్‌తోనే దానికి అసలు రుచి. ఆగస్టులో అది మెనూలో ఉంటే ఆర్డర్ ఇవ్వకండి. 2018లో ఇజ్రాయెల్ మత పెద్దలు దీని రేకుల మధ్య పురుగులుండే అవకాశముంది కాబట్టి ఇది మతనియమానికి సరిపోదన్నారు. రోమ్ యూదులు ఒప్పుకోలేదు. మా అమ్మమ్మలకి ఎలా శుభ్రం చేయాలో తెలుసన్నట్టు వండుతూనే ఉన్నారు.

ఈ పేటలో శాకాహారులకి ఒక మంచి సౌకర్యముంది, ఎవరూ పెద్దగా చెప్పరు. యూదుల ఆహార నియమం ప్రకారం పాలూ మాంసమూ ఒకే వంటగదిలో కలవకూడదు. అందుకని "కోషర్" రెస్టారెంట్ అయితే మాంసానిదో, పాలదో ఏదో ఒకటే అయ్యుంటుంది. పాల పదార్థాల కోషర్ రెస్టారెంట్‌లో మాంసం అసలు ఉండదు, చేప మాత్రం ఉంటుంది. గరిటె ఎక్కడ ముంచారో అన్న టెన్షన్ సగం తగ్గుతుంది. అమ్మని తీసుకెళ్ళినప్పుడు నాకీ సంగతి తెలియదు. ఇవి శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా మూసి ఉంటాయి.

అక్కడ తినడానికి వెళ్ళేవాళ్ళు ఒకసారి కింద చూస్తూ నడవండి. ఇళ్ళ గుమ్మాల ముందు రాళ్ళ మధ్య చిన్న ఇత్తడి పలకలుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. 1943 అక్టోబర్ 16న జర్మన్ సైనికులు ఆ వీధుల్లో నుంచి యూదుల్ని పట్టుకెళ్ళారు. వెయ్యి మందికి పైగా ఆష్‌విట్జ్‌కి పంపారు. తిరిగొచ్చింది 16 మంది. ఆ పలక పక్కనే ఇప్పుడు భోజనం బల్ల ఉంటుంది. మొదట నాకు అక్కడ కూర్చుని తినడం తప్పేమో అనిపించింది. తర్వాత ఆ వంట ఇంకా బతికుండటమే, ఆ వంట చేసేవాళ్ళు అదే వీధిలో ఉండటమే పెద్ద సంగతి అనిపించి కూర్చున్నాను.

కాపరుల పాస్తాల గురించి అందరూ రాస్తారు కాబట్టి తొందరగా చెప్తాను. రోమ్ పాస్తాలు నాలుగంటారు: కాచో ఎ పేపే, గ్రీచా, అమాత్రిచానా, కార్బొనారా. మొదటి దాంట్లో గొర్రె పాల చీజ్, మిరియాలు. దానికి పంది దవడ మాంసం కలిపితే గ్రీచా. దానికి టొమాటో కలిపితే అమాత్రిచానా. టొమాటో బదులు గుడ్డు వేస్తే కార్బొనారా. కొండల్లో నెలల తరబడి తిరిగే కాపరి సంచీలో పాడవకుండా ఉండే వస్తువులే మొదటి రెండింట్లోనూ ఉన్నాయి. పంది మాంసం తినని వాళ్ళు కాచో ఎ పేపే తప్ప మిగతా మూడింటికీ దూరంగా ఉండాలి. పూర్తి శాకాహారులకి కాచో ఎ పేపేలో కూడా ఒక చిక్కుంది. పెకొరీనో అనే ఆ గొర్రె పాల చీజ్‌లో పాలు విరగడానికి గొర్రెపిల్ల పొట్టలోని పదార్థం వాడతారు. పట్టింపున్నవాళ్ళు చీజ్ వేయని మరినారా పిజ్జా తినొచ్చు.

కార్బొనారాలో క్రీమ్ వేస్తే మహాపాపమని ఇంటర్నెట్‌లో యుద్ధాలు చేసేవాళ్ళకి ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆ పేరుతో వంటకం రాసి ఉన్న దాఖలా లేదు. 1944లో అమెరికా సైన్యం రోమ్‌లోకి వచ్చినప్పుడు వాళ్ళ బేకన్, గుడ్ల పొడి ఊళ్ళోకి చేరాయి, దాంతోనే పుట్టిందని చాలామంది చరిత్రకారులంటారు. 1954లో ఒక ఇటలీ వంటల పత్రికలో అచ్చయిన కార్బొనారాలో గ్రుయెర్ చీజ్, వెల్లుల్లి ఉన్నాయి. ఇప్పుడు అవి వేస్తే తిడతారు. వంటకి ఒకే ఒక్క అసలు రూపం ఉందనుకోవడం నాకు నచ్చదు. ఆ రోజు అక్కడున్న జనం, వాళ్ళకి దొరికిన సరుకు, ఈ రెండే వంట. అమాత్రిచానాకి పేరిచ్చిన అమాత్రిచే ఊరు 2016 ఆగస్టు 24 భూకంపంలో కూలిపోయింది. అప్పుడు ఇటలీ అంతటా రెస్టారెంట్లు ఆ పాస్తా ప్లేటుకి రెండు యూరోలు ఆ ఊరికి పంపాయి, ఒకటి తిన్నవాళ్ళది, ఒకటి యజమానిది. పంది మాంసం అలవాటున్నవాళ్ళు అమాత్రిచానా తింటే ఈ సంగతి తెలిసి తినాలని నా కోరిక.

మిరియాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. రోమన్ ఫోరమ్ పక్కన, మాక్సెంటియస్ బసిలికా అనే పాత సభాభవనం కింద, డొమిషియన్ చక్రవర్తి నాటి మిరియాల గోదాములు బయటపడ్డాయి. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్ళినవి. 408లో గోత్‌లనే తెగ నాయకుడు అలారిక్ రోమ్‌ని ముట్టడించి, వదిలిపెట్టడానికి అడిగినవాటిలో బంగారం, వెండితో పాటు మూడు వేల పౌండ్ల మిరియాలున్నాయి. కాచో ఎ పేపే ప్లేటు మీద ఆ నల్ల పొడి చూసినప్పుడు నేను ఊరికి మరీ పరాయిదాన్ని కానని అనిపించేది.

ఇప్పుడు నాకు ఎదురయ్యే పెద్ద అభ్యంతరం. "నాలుగు రోజులకి వెళ్తాం, మళ్ళీ జన్మలో వెళ్తామో లేదో. పాంథియన్ ఎదురుగా కూర్చుని తిన్న జ్ఞాపకం కావాలి. తిండి కాస్త బాగోకపోతే ఏం?" ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఆ కోరిక నాకూ ఉంది. కానీ దానికి భోజనం అక్కర్లేదు, కాఫీ చాలు. పాంథియన్ పక్క సందుల్లో తాజ్జా దోరో, 1938 నుంచి ఉన్న సంత్ యుస్తాకియో అనే కాఫీ కొట్లున్నాయి. అవి ఊరి నడిబొడ్డున ఉన్నా మంచివి. పార్లమెంటు సభలు రెండూ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. అక్కడి ఉద్యోగులు రోజూ వచ్చి తాగుతారు. రోజూ వచ్చేవాళ్ళున్న చోట నాణ్యత ఉంటుందన్న నా లెక్క అక్కడా తప్పలేదు. చాలా కొట్లలో ముందు డబ్బు కట్టి, చీటీ తీసుకుని, కౌంటర్ దగ్గర నిలబడి తాగాలి. నిలబడితే ఒకటి, ఒకటిన్నర యూరోల్లో అయిపోతుంది. అదే కప్పుని బయట బల్ల దగ్గర కూర్చుని తాగితే ధర రెండు మూడింతలవుతుంది. నిలబడి తాగి, వచ్చి పాంథియన్ స్తంభాల ముందు ఎంతసేపైనా నిలబడి చూడండి. స్పానిష్ మెట్ల మీద కూర్చుందామనుకోకండి, 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం, జరిమానా వేస్తారు.

ఆ మెట్ల దగ్గరే 1986లో మెక్‌డొనాల్డ్స్ తెరిచారు. జనం గిన్నెల్లో పాస్తా పంచి నిరసన తెలిపారు. స్థానిక వంటల్ని కాపాడుకోవాలని కార్లో పెట్రీని మొదలుపెట్టిన "స్లో ఫుడ్" ఉద్యమానికి ఊపిరి పోసిన సంఘటనల్లో అదొకటి. ఆ మెక్‌డొనాల్డ్స్ అక్కడే ఉంది. నా దృష్టిలో దానికంటే ఎక్కువ హాని చేసేది ఇటలీ జెండా రంగుల గుడ్డ పరిచి ముద్దపాస్తా పెట్టే బల్ల. మొదటిదాంట్లో ఏం దొరుకుతుందో మనకి ముందే తెలుసు.

వేళల సంగతి చిన్నదే కానీ అమ్మా నేనూ మోసపోయింది అందువల్లే. రోమ్‌లో మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, రాత్రి భోజనం ఏడున్నర తర్వాత. మధ్యలో మంచి వంటగదులు మూసేస్తారు. మూడింటికి ఆకలితో వెతికితే తెరిచి ఉండేవి ఎక్కువగా పర్యాటకుల కోసం నడిచేవే. ఆ సమయానికి పిజ్జా అల్ తాల్యో ఉంది. పెద్ద పళ్ళెంలో కాల్చిన పిజ్జాని మనం చూపించినంత కత్తిరించి, తూకం వేసి ఇస్తారు. వాటికన్ మ్యూజియాల నుంచి పది నిమిషాల నడకలో ఉన్న బోంచి పిజ్జారియంకి ఇందులో పెద్ద పేరు. బంగాళాదుంప పిజ్జా, గుమ్మడి పువ్వుల పిజ్జా లాంటివి ఉంటాయి, పువ్వుల దాంట్లో చిన్న చేపలు వేస్తారేమో అడగండి. నీళ్ళు కొనక్కర్లేదు. వీధుల్లో "నజోనే" అనే ఇనుప కుళాయిలు 1874 నుంచి ఉన్నాయి, సుమారు 2,500. మంచి చల్లటి తాగునీళ్ళు. కుళాయి మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు.

బిల్లు విషయం ఒక్క మాటలో. రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో 2006 నాటి చట్టం ప్రకారం "కోపెర్తో" పేరుతో కుర్చీకింత అని వసూలు చేయకూడదు. రొట్టె పెట్టి దానికి తీసుకోవచ్చు, వద్దని వెనక్కి పంపే హక్కు మనకుంది. మెనూలో "ఎత్తో" అన్న మాట కనిపిస్తే ధర వంద గ్రాములకని అర్థం.

చివరగా, ఏ జాబితాలోనూ చూడని పేట ఒకటుంది. తెర్మినీ స్టేషన్ పక్కన ఎస్క్విలీనో. అక్కడి మార్కెట్‌లో బంగ్లాదేశ్, చైనా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్ళు సరుకులమ్ముతారు. కొత్తిమీర, పచ్చిమిర్చి, బెండకాయలు దొరుకుతాయి. ఆ చుట్టుపక్కల ఎరిత్రియా, ఇథియోపియా రెస్టారెంట్లున్నాయి. ఎరిత్రియా 1890లో ఇటలీ వలస రాజ్యమైంది. ఇథియోపియాని 1936లో ఆక్రమించుకున్నారు. ఆ చరిత్ర ప్లేటులోనే కనిపిస్తుంది. పులిసిన పిండితో దోసెలా పెద్దగా పోసిన ఇంజెరా, దాని మీద ఉపవాస రోజుల కోసం వండే పప్పులు, కూరలు. వాటిలో మాంసం, పాలు రెండూ ఉండవు. శాకాహారి రోమ్‌లో నిశ్చింతగా కడుపు నిండా తినగలిగింది నా అనుభవంలో ఇక్కడే. ఇది రోమ్ తిండి కాదు కదా అంటారు. ఎందుకు కాదు? పాత రోమ్ ట్రాటోరియాల్లో, అంటే ఇంటి వంటలు పెట్టే మామూలు రెస్టారెంట్లలో, వంటగది తలుపు తెరుచుకున్నప్పుడు లోపల చూస్తే పొయ్యి దగ్గర నిలబడ్డది చాలాచోట్ల బంగ్లాదేశ్ కుర్రాడో, ఈజిప్టు మనిషో. నేను తిన్నవాటిలో అన్నిటికంటే మంచి కాచో ఎ పేపే కలిపింది ఒక బంగ్లాదేశ్ అబ్బాయి. పన్నెండేళ్ళుగా అదే వంటగదిలో ఉన్నానని చెప్పాడు. కాపరులు, కబేళా కూలీలు, గోడల మధ్య యూదులు, వాళ్ళ వరసలో ఇప్పుడు ఆ అబ్బాయి ఉన్నాడు.

అక్క కూతురికి ఇలా చెప్పాను. ఆ 27లో నీకు బాగా ఇష్టమైన ఒక్కటి ఉంచుకో, ఒక రాత్రి వెళ్ళండి, అది మీ ఇద్దరి సరదా. మిగతా పూటలకి రెస్టారెంట్ పేరు పెట్టుకోవద్దు, పేట పేరు పెట్టుకో. ఒక రోజు యూదుల పేట, అది శనివారం కాకుండా చూసుకో. ఒక మధ్యాహ్నం ఎస్క్విలీనో. పొద్దుటి కాఫీలు పాంథియన్ దగ్గర, నిలబడి. టెస్టాచ్చోకి ఒక పూట మొత్తం కేటాయించు. ముందు ప్రొటెస్టెంట్ శ్మశానంలో ఇంగ్లీషు కవి కీట్స్ సమాధి చూసి, గుట్ట చుట్టూ నడిచి, పన్నెండున్నరకి మార్కెట్‌లోకి వెళ్ళండి. మూడున్నరకి మూసేస్తారు, ఆదివారం తెరవరు. కూరగాయల వరస చివర్లో ఆర్టిచోక్‌లు చెక్కుతూ ఒక పెద్దావిడ కూర్చుంటుంది, చెక్కిన ముక్కలు నిమ్మకాయ నీళ్ళలో వేస్తూ. నేనున్న అయిదు వారాలూ రోజూ అక్కడే ఉంది. ఆవిడకి నమస్కారం చెప్పు.